కొత్త వంటవాడు వస్తే వంట త్వరగా అవుతుందా?



కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి చివరి ఇంటి శీనుగాడు ఒక పాత ల్యాప్‌టాపును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా అరుగెక్కాడు. వాడి వెనకే వాడి అక్క సుజాత. శీను ఎనిమిదో తరగతి. సుజాత పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నది.

"మాస్టారూ, దీనికి ప్రాసెసరు మార్పించాలి. టౌనులో అడిగితే ఆరువేలవుతుందన్నారు. మార్పిస్తే గుర్రంలా పరుగెత్తుతుందట!" అన్నాడు శీను.

"ఆరువేలు ఎక్కడివిరా?" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. సుజాత చెప్పింది: "నాయనమ్మ దాచుకున్న డబ్బు మాస్టారూ. కళ్ళద్దాలు చేయించుకోవాలని పెట్టుకున్నది. మొన్న నేను ఇంట్లో నమూనా పరీక్ష రాస్తుంటే, పేజీ తెరుచుకునేసరికే పన్నెండు నిమిషాలు పోయాయి. అది చూసి, ముందు నీ చదువు కానివ్వు, నా కళ్ళకేం తొందర అని డబ్బా తీసి ఇచ్చింది."

ఆ మాట వినగానే నాకు 2009 సంవత్సరం జ్ఞాపకం వచ్చింది. అప్పుడు నేను హెడ్మాస్టరును. మా బడిలో ఉన్న ఒకే ఒక కంప్యూటరు నత్తలా నడిచేది. నేను ముందూ వెనకా చూడకుండా దానికి ప్రాసెసరు మార్పించాను. బిగించాక మీట నొక్కి చూస్తే, నత్త నత్తగానే ఉన్నది! అసలు లోపం వేరే చోట ఉన్నది. ఆ ఏడు లైబ్రరీకి కొనవలసిన పుస్తకాల డబ్బు అలా పోయింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. లెక్కల మాస్టారునై ఉండి, కొలవకుండా డబ్బు ఖర్చు పెట్టాను.

అందుకని శీనుతో, "డబ్బు లోపల పెట్టు. ముందు గడియారం తీసుకురా," అన్నాను.

ల్యాప్‌టాపు మీట నొక్కి, శీను సెకన్లు లెక్కపెట్టాడు. తెర వచ్చి, పని చేయడానికి సిద్ధమయ్యేసరికి 3 నిమిషాల 50 సెకన్లు పట్టింది. తర్వాత సుజాత పరీక్ష పేజీ తెరవబోయింది. అది గిరగిరా తిరుగుతూ ఉండగా కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అనే మూడు మీటలు కలిపి నొక్కమన్నాను. విండోసులో అలా నొక్కితే లోపల ఎవరు ఎంత పని చేస్తున్నారో చూపించే పట్టీ వస్తుంది. మేము చూసినప్పుడు ప్రాసెసరు నూటికి 14, జ్ఞాపకశక్తి నూటికి 93, హార్డుడిస్కు నూటికి 100 అని ఉన్నది.

"ఒరేయ్ శీనూ, ఇందులో పని లేకుండా కూర్చున్నది ఎవరు?"

"ప్రాసెసరే, మాస్టారూ!" అన్నాడు వాడు తెల్లబోయి.

మీరు పెళ్ళివారి వంటశాల చూసే ఉంటారు. గాడిపొయ్యి దగ్గర వంటవాడు ఉంటాడు. ఆయన పక్కన ఒక బల్ల. దాని మీద తరిగిన కూరలు, పోపు సామాను. సరుకంతా ఉండేది పెరటి అవతల కొట్టుగదిలో. అక్కడి నుంచి ఒక కుర్రాడు అడిగినదల్లా మోసుకొస్తుంటాడు. ప్రాసెసరు వంటవాడు. ర్యాము ఆ బల్ల. హార్డుడిస్కు కొట్టుగదీ, మోసే కుర్రాడూ కూడాను. కుర్రాడు చింతపండుకు వెళ్ళి తిరిగి రాకపోతే, వంటవాడు నలభీములను మించినవాడైనా గరిటె పట్టుకుని నిలబడవలసిందే! బల్ల చిన్నదైతే ఇంకో చిక్కు. చోటు చాలక, తెచ్చిన సరుకునే మళ్ళీ కొట్టుగదికి పంపి, కాసేపటికి మళ్ళీ తెప్పించుకోవాలి. ర్యాము నిండినప్పుడు కంప్యూటరు సరిగ్గా ఈ పనే చేస్తుంది.

కుర్రాడు ఎంత నిదానస్తుడో లెక్క వేద్దాం. ఈ ల్యాప్‌టాపులోని హార్డుడిస్కులో పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు. కావలసిన అక్షరం సూది కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. సూది చేయి అటూ ఇటూ జరగడానికి ఇంకొంత. రెండూ కలిసి సెకనులో వెయ్యింట సుమారు 15 వంతులు. చాలా తక్కువే కదా అంటారేమో! ప్రాసెసరు గుండె సెకనుకు 260 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. కుర్రాడు ఒక్కసారి వెళ్ళి వచ్చేలోగా అది 3 కోట్ల 90 లక్షల సార్లు కొట్టుకుంటుందన్నమాట. అంతసేపూ ఎదురుచూపే! ఎస్సెస్డీ అనే కొత్తరకం డిస్కులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అది సెకనులో పదివేలవ వంతు ఆ ప్రాంతంలో సరుకు అందిస్తుంది.

శీను ఇంకా ఊరుకోలేదు. "అయినా మాస్టారూ, కొత్తది ఐ7, ఇది ఐ5. ఏడు పెద్దదే కదా?"

మంచి ప్రశ్నే. వాడి ల్యాప్‌టాపులో ఉన్నది 2012లో ఇంటెల్ వారు తెచ్చిన ఐ5-3320ఎమ్. అందులో రెండు కోర్లు, అంటే ఇద్దరు వంటవాళ్ళు. దుకాణంవారు చెప్పిన ఐ7-3632క్యూఎమ్ కూడా ఆ ఏడాదిదే. అందులో నలుగురు. కాని చోద్యం చూడండి. ఒక్కడే పని చేసేటప్పుడు పాతవాడు 3.3 గిగాహెర్ట్జుల దాకా అందుకుంటాడు. కొత్తవాళ్ళలో ఒకడు 3.2 దాకానే! ఒక పేజీ తెరవడం వంటి పనిలో చాలా భాగం ఒక్కడి చేతి మీదుగా నడిచేదే. ఒక్క గిన్నెడు పులిహోరను నలుగురు కలిపినంత మాత్రాన నాలుగోవంతు సమయంలో అయిపోదు కదా!

అయితే ఐ7 ఎందుకూ పనికిరాదని కాదు. సుజాత సినిమా బొమ్మలు కత్తిరించి అతికించే పనో, పెద్ద పెద్ద ప్రోగ్రాములు తయారు చేసే పనో చేస్తుంటే, ఆ పట్టీలో ప్రాసెసరే చాలాసేపు నూటికి నూరు చూపిస్తుంటే, నేనే మార్పించమనేవాణ్ణి. అప్పుడు కూడా మూడు సంగతులు చూడాలి. ప్రాసెసరు గూటిలో కూర్చున్నదా, బోర్డుకు అతికించినదా? ఇంటెల్ వారు 2013లో తెచ్చిన నాలుగో తరం దాకా కొన్ని ల్యాప్‌టాపులలో మర తిప్పి ఊడదీసే వీలుండేది. ఐదో తరం నుంచి వారి ల్యాప్‌టాపు ప్రాసెసర్లన్నీ బోర్డుకు అతికించినవే. వాటి జోలికి మనం పోరాదు. ఇక రెండోది, బోర్డులోని బయాసు ఆ కొత్తదాన్ని గుర్తుపట్టాలి. మూడోది వేడి. ఈ రెండూ 35 వాట్లవే గనుక చిక్కు లేదు. 45 వాట్ల ప్రాసెసరు తెచ్చి పెడితే చిన్న ఫ్యాను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం అలా ఆవిరైపోతుంది.

విండోసు 11 సంగతి కూడా సుజాత అడిగింది. దానికి ఇంటెల్ ఎనిమిదో తరమో, ఆ పైదో కావాలని మైక్రోసాఫ్టు వారి నియమం. ఐ5 అయినా ఐ7 అయినా ఈ గూటిలో పట్టేది మూడో తరం దాకానే. విండోసు 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక ఆరువేలు పోసినా ఆ తలుపు తెరుచుకోదు.

సరే, ఏం చేశామో చెబుతాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కాబట్టి ఒక్కొక్కటే చేశాము. సుజాత సర్టిఫికెట్ల నకళ్ళు, బొమ్మలు ముందే వేరే చోట దాచాము. తీగ పీకి, బ్యాటరీ తీసి, ఫ్యానులో దూదిపింజలా పేరుకున్న దుమ్ము దులిపాను. మీరు చేసేటట్టయితే పెద్దవాళ్ళను పక్కన పెట్టుకోండి. మొదట ర్యామును నాలుగు గిగాబైట్ల నుంచి ఎనిమిది చేశాము. మొదలుకావడానికి 3 నిమిషాల 35 సెకన్లు పట్టింది. శీను ముఖం చిన్నబోయింది. తర్వాత హార్డుడిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా ఎస్సెస్డీ మీదికి ఎక్కించి, దాన్ని బిగించాము. 31 సెకన్లు! శీను నమ్మక రెండోసారి ఆపి మొదలుపెట్టాడు. ఈసారి 30. ఆ తర్వాతే విండోసు తీసేసి, ఉచితంగా దొరికే లినక్సు మింటు పెట్టాము. సుజాత పరీక్ష పేజీ టక్కున తెరుచుకున్నది.

రెండింటికీ కలిపి అయిన ఖర్చు 3,400 రూపాయలు. మిగిలిన 2,600 సుజాత అక్కడికక్కడే డబ్బాలో వేసి మూత పెట్టింది. వారం తిరగకుండా నాయనమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు.

పాత హార్డుడిస్కును శీను ఊరికే వదల్లేదు. లోపల ఏముందో చూడాలని పట్టుబట్టాడు. ల్యాప్‌టాపు డిస్కులలో పళ్ళెం చాలావాటికి గాజుదే ఉంటుంది, పగిలితే గుచ్చుకుంటుంది గనుక నేనే మరలు విప్పి తీసి ఇచ్చాను. అరచేతిలో పట్టేంత పళ్ళెం, మధ్య కంత, తళతళా మెరుస్తున్నది. నిన్న వాళ్ళింటికి వెళితే అది వసారా గూట్లో ఉన్నది. నాయనమ్మ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, అందులో చూసుకుంటూ బొట్టు దిద్దుకుంటున్నది.