ముఖం ముప్పై.. నడక డెబ్బై!

‘ఏఐతో వీఎఫ్‌ఎక్స్ నేర్చుకోండి, ఆరు నెలల్లో ఉద్యోగం’ అన్న ప్రకటన చూసి చేరిపోదామనుకుంటున్నారా? ఆ ఫీజు కోసం నాన్న అప్పు చేయాల్సిన పరిస్థితైతే, ముందు ఒక సినిమా చూడండి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ది ఐరిష్‌మన్’. మూడున్నర గంటలు, కాస్త ఓపిక పట్టాలి మరి.

మార్టిన్ స్కోర్సెసీ తీసిన ఈ గ్యాంగ్‌స్టర్ కథ దశాబ్దాల పాటు సాగుతుంది. షూటింగ్ నాటికి రాబర్ట్ డి నీరో, అల్ పచీనో, జో పెషీ ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. వయసులో ఉన్నప్పటి సీన్లకు వేరే నటుల్ని పెట్టకుండా వీళ్ల ముఖాలకే కంప్యూటర్‌లో వయసు తగ్గించారు. దీన్నే డీ-ఏజింగ్ అంటున్నారు.

ఈ పని చేసింది హాలీవుడ్‌లో పేరున్న ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ (ఐఎల్‌ఎం). మామూలుగా ఇలాంటి వాటికి నటుడి ముఖం నిండా చుక్కలు పెడతారు, తలకు కెమెరా ఉన్న హెల్మెట్ తగిలిస్తారు. ఇక్కడ అవేవీ వద్దన్నారు. దాంతో సూపర్‌వైజర్ పాబ్లో హెల్మన్ బృందం మూడు కెమెరాల రిగ్ తయారు చేసింది. మధ్యలో అసలు కెమెరా, దానికి అటూ ఇటూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు. వాటి సమాచారంతో ‘ఫ్లక్స్’ అనే సొంత సాఫ్ట్‌వేర్ ముఖ కదలికల్ని త్రీడీలోకి తెచ్చేది. ఆ నటుల పాత సినిమాల్లోంచి ముఖాలు పోగుచేసి సరిచూసుకున్నారు. ఇలా 1,700కు పైగా షాట్లు!

ఇంతా చేస్తే, కిరాణా కొట్టు సీన్ దగ్గర దొరికిపోయారు. కూతుర్ని తోసేశాడని కొట్టు యజమానిని డి నీరో బయటికి ఈడ్చుకొచ్చి తంతాడు. పాత్రేమో మంచి వయసులో ఉన్న మనిషి. కానీ కాలు విసిరినప్పుడు ఒంటి బరువు ఆ కాలితో పాటు వెళ్లదు. పడిపోకుండా జాగ్రత్తపడుతున్న పెద్దాయనే కనిపిస్తాడు. విడుదలయ్యాక చాలామంది వేలెత్తి చూపింది ఈ సీన్‌నే. నిజానికి ఎలా నిలబడాలో, ఎలా నడవాలో చెప్పడానికి సెట్‌లో ప్రత్యేకంగా ఒక కోచ్ ఉన్నారు. పచీనో కుర్చీలోంచి లేచే షాట్‌లో ‘పాత్ర వయసు 49’ అని గుర్తుచేసి మళ్లీ తీయాల్సి వచ్చిందని చిత్రబృందమే చెప్పింది. ముఖాన్ని సాఫ్ట్‌వేర్ చూసుకుంది. నడుమును ఎవరు చూసుకోవాలి?

మీ కెరియర్‌కు పనికొచ్చే ప్రశ్న ఇదేనని నేనంటాను. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఆయుష్షు చాలా తక్కువ. సరిగ్గా ఐదేళ్ల తర్వాత, 2024లో వచ్చిన ‘హియర్’లో టామ్ హాంక్స్‌ను మెటాఫిజిక్ అనే కంపెనీ ఏఐతో కుర్రాణ్ని చేసింది. ఆ ముఖాన్ని సెట్‌లోనే మానిటర్‌లో చూసుకున్నారు. ఐఎల్‌ఎం అంత కష్టపడి కట్టుకున్న పద్ధతికే ఇలా పోటీ వస్తే, ఆరు నెలల కోర్సులో మీకు నేర్పే బటన్లు ఎన్నాళ్లుంటాయి?

‘మాండలోరియన్’ సిరీస్‌లో యువకుడిగా కనిపించిన ల్యూక్ స్కైవాకర్ ముఖం బాగాలేదని షామూక్ అనే యూట్యూబర్ డీప్‌ఫేక్‌తో తన వెర్షన్ చేసి పెట్టాడు. 2021లో ఐఎల్‌ఎం అతన్నే ఉద్యోగంలోకి తీసుకుంది. ‘చూశారా, డిగ్రీ అక్కర్లేదు’ అని మనవాళ్లు ఈ కథను తెగ షేర్ చేస్తారు. డీప్‌ఫేక్ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఎవరికైనా ఉచితంగా దొరికేది. అతని దగ్గర అదనంగా ఉన్నది, ముఖంలో ఏది తేడాగా ఉందో పట్టే కన్ను.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్ స్టూడియోల్లో ఫ్రెషర్‌కు సాధారణంగా మొదట దొరికేది రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్. ఏఐ ముందుగా తినేసేదీ ఆ పనులనే. కంపెనీలైనా శాశ్వతమా అంటే, హైదరాబాద్‌లో కూడా స్టూడియో నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకుంది! 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కుప్పకూలితే బెంగళూరులోని ఉద్యోగులూ రోడ్డున పడ్డారు.

ఈ రంగంలోకి రావద్దని అనడం లేదు. ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినప్పుడు గోడ మీది ప్లేస్‌మెంట్ ఫొటోలు చూసి మురిసిపోకండి. డ్రాయింగ్, అనాటమీ ఎవరు చెబుతారో అడగండి. పోయిన బ్యాచ్ షోరీల్స్ చూపించమనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఈలోగా రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది. తాతయ్యను అడిగి, ఆయన కుర్చీలోంచి లేవడం ఫోన్‌లో తీయండి. అదే కుర్చీలోంచి తమ్ముడు లేవడం కూడా తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి, మెల్లగా నడిపి చూడండి. చేతులు ముందు ఎక్కడ ఆనాయి, తల ఎంత ముందుకు వచ్చింది, ఏ మోకాలు మీద బరువు పడింది.. కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ కిరాణా కొట్టు సీన్‌ను సౌండ్ తీసేసి మరోసారి వేయండి.