దస్తూరీ ముత్యాల్లా ఉంది, మరి మాట ఎక్కడ?

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో రాకెట్ లేచింది. పొద్దున 6 గంటల 23 నిమిషాలకు. ఫజర్ నమాజ్ ముగించి జానిమాజ్ మడిచిపెట్టే వేళ. ఆ రోజు నేను సూళ్లూరుపేటలో చుట్టాలింట్లో ఉన్నాను. నాకు మనవడి వరసయ్యే పిల్లాడు ఒకడు, రెండో తరగతి, మిద్దె మీద నుంచి అంతా చూశాడు. మెట్లు దిగుతూనే మొదలుపెట్టాడు. వెలుతురు ముందు వచ్చిందట, చప్పుడు చాలాసేపటికి వచ్చిందట, అది వచ్చాక కిటికీ వణికిందట. "నానా, ఖిడ్కీ ధడ్‌ధడ్ బోలీ!" అంటూ రెండు చేతులతో కిటికీ అయిపోయాడు. చాయ్ చల్లారిపోయేదాకా ఆపలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చి నోట్‌బుక్ చూపించాడు. పైన "శ్రీహరికోట" అని శీర్షిక. కింద ఐదు వాక్యాలు. శ్రీహరికోట ఒక దీవి, దాని పక్కన పులికాట్ సరస్సు ఉంది, అక్కడ సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం ఉంది, ఇలా. బోర్డు మీద చూసి రాసుకున్నది. దస్తూరీ మాషా అల్లాహ్, ముత్యాలే. కానీ అందులో మిద్దె లేదు, కిటికీ లేదు, వాడే లేడు. "పొద్దున చెప్పావే, అది రాయొచ్చు కదా బేటా" అన్నాను. వాడు నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, "వో బాతాఁ కాపీ మే నై లిఖ్తే నానా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఏడేళ్ల పిల్లాడికి ఒక ఉసూల్ ఖాయమైపోయింది: మాట్లాడేది వేరు, రాసేది వేరు, రాసేది ఎప్పుడూ వేరేవాళ్లదే.

మనం నఖల్‌ని తహ్రీర్ అనుకుంటున్నాం. ఖుష్‌ఖతీ మీద నాకేం దుష్మనీ లేదు. ముల్తానీ మిట్టీ పూసిన తఖ్తీ మీద కలం పట్టి అక్షరాలు దిద్దిన పెద్దల ఔలాద్ మనం. అయితే చూసి రాయడంలో పని చేసేది చెయ్యి, కన్ను. ఏం చెప్పాలి, ముందు ఏది, తర్వాత ఏది అని దిమాగ్ వెతుక్కున్నప్పుడే రాయడం మొదలవుతుంది. పదో తరగతికి వచ్చాక "మా అబ్బాయికి సొంతంగా నాలుగు వాక్యాలు రావు" అని వాపోయే తల్లిదండ్రులు చాలామంది. ఆ ముష్కిల్ ఒకటో రెండో తరగతిలోనే మొదలై ఉంటుంది. అప్పట్లో మనం నీట్‌గా రాశాడని షాబాష్ అన్నాం.

మన ఇళ్లలో ఇంకో పేచీ ఉంది. మన బచ్చా ఫజర్ తర్వాత మక్తబ్‌లో అలిఫ్, బే అని కుడి నుంచి ఎడమకు దిద్దుతాడు. తొమ్మిదింటికి బళ్లో గుణింతాలు, ఒత్తులు ఎడమ నుంచి కుడికి. ఆ వెంటనే ఏబీసీడీలు. ఇంట్లో అమ్మీతో, దాదీతో మాట్లాడేది మాత్రం దక్కనీ. ఆంధ్రప్రదేశ్ సర్కారీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఇచ్చారు, అది మంచి పనే. మన పిల్లాడి భాష ఆ రెండు పేజీల్లోనూ లేదు. వాడు కలలు కనే జబాన్, అలిగే జబాన్, ఖిడ్కీ ధడ్‌ధడ్ మన్న జబాన్ పెన్సిల్ దాకా ఎప్పుడూ రాదు. మరి రాయమంటే బోర్డు వైపు చూడక ఏం చేస్తాడు?

నా రాయి ఏమిటంటే, ఇంట్లో పిల్లల చేత దక్కనీనే రాయించండి, తెలుగు అక్షరాల్లో. వాళ్లకు వచ్చిన అక్షరాలు అవే కదా. ఖ, ఘ, ఛ, ధ తెలుగు పలకలో ఉండనే ఉన్నాయి. కొందరు బుజుర్గులు దీనికి రాజీ కారు. తెలుగు పాడవుతుంది, ఉర్దూ లిపి అసలే పోతుంది అంటారు. ఉర్దూ లిపి నేర్పండి, తప్పక నేర్పండి, అది మన అమానత్. కానీ ఆ లిపి చేతికి వచ్చేదాకా పిల్లాడి మాట ఎక్కడ ఆగాలి? ఇక తెలుగు సంగతి. సొంత మాట కాగితం మీద పెట్టడం ఒకసారి తెలిసినవాడు తెలుగులోనూ పెట్టగలడు. ఆ ధైర్యం రానివాడికి ఎన్ని భాషలు నేర్పినా ఐదు వాక్యాలే.

టీచర్ల మీద నాకు షికాయత్ లేదు. చాలా ప్రాథమిక బడుల్లో ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకోవాలి. ముప్పై మంది ముప్పై రకాలుగా రాస్తే దిద్దే వఖ్త్ ఏది? కేంద్రం 2021లో నిపుణ్ భారత్ తెచ్చింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా పిల్లాడూ అర్థం చేసుకుని చదవాలి, రాయాలి అన్నది దాని మక్సద్. 2026-27 దానికి గడువు. మంచిదే. కానీ పిల్లాడి మాట వినడానికి ఇంట్లో అమ్మీ ఉంది, నానీ ఉంది, ఖాలా ఉంది. వాళ్లకు అక్షరాలు రాకపోయినా ఫర్వాలేదు. "ఫిర్ క్యా హువా?" అని అడగడం వస్తే చాలు.

ముందు చెప్పనివ్వండి. తర్వాత బొమ్మ గీయనివ్వండి. ఆ బొమ్మ కింద ఒక్క జుమ్లా రాయమనండి, ఒక్కటే. చిన్న వేళ్లు త్వరగా నొప్పి పెడతాయి, పది నిమిషాలు దాటించొద్దు. "రాకేటు" అని రాస్తే వాడు చప్పుడు విని అక్షరం వెతికాడన్నమాట, అది ఘనకార్యమే. ఎర్ర పెన్నుతో పేజీ అంతా గాయాలు చేయకండి. ఒక పూటకు ఒక్క తప్పు చెప్పండి, మిగతావి రేపటికి. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టులో ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. దాని ప్రాజెక్ట్ డైరెక్టర్ రామేశ్వరంలో తమిళ బడిలో చదువుకున్న మన అబ్దుల్ కలాం సాహెబ్. ఏం తప్పయిందో వెతికి, మరుసటి ఏడు జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టారు. మనం మాత్రం రెండో తరగతి పిల్లాడు మొదటిసారే సరిగ్గా రాయాలంటాం.

వహీ మొదలైంది చదువు మాటతో, కలం మాటతో. బదర్ ఖైదీల్లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు పదేసి మంది పిల్లలకు నేర్పితే రిహాయీ ఇచ్చారని సీరత్ పుస్తకాల్లో చదువుకున్నాం. జుమ్మా బయాన్‌లో ఇది విని సుభానల్లాహ్ అంటాం, ఇంటికొచ్చి పిల్లాడి చేతికి ఫోన్ ఇస్తాం.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. రాయచోటి, కడప, చిత్తూరు వైపు ఎన్ని కుటుంబాల అబ్బాలు కువైట్‌లో, సౌదీలో ఉన్నారు! ఒకప్పుడు ఖత్ వచ్చేది. చదివి వినిపించడానికి వీధిలో చదువుకున్న పిల్లాడిని పిలిచేవారు. జవాబు కూడా వాడి చేతే రాయించేవారు. ఎంతమందికి రాయడం ఆ ఖత్‌ల వల్లే అబ్బిందో! ఇప్పుడు వాయిస్ మెసేజ్ ఒక్క నొక్కుతో పోతుంది. పోనీ, ఖత్ రాయించి దాని ఫొటో తీసి అదే ఫోన్‌లో పంపండి. పిల్లాడికి తన రాత ఎవరో ఎదురుచూస్తున్నారని తెలియాలి.

మా సూళ్లూరుపేట పిల్లాడి అబ్బా కూడా కువైట్‌లోనే. మర్నాడు సాయంత్రం వాడిని కూర్చోబెట్టి, రాకెట్ సంగతి అబ్బాకి రాయమన్నాను. చాలాసేపు పెన్సిల్ కొరికాడు. చివరికి మూడు ముక్కలు రాశాడు: "కిడికి దడ్ దడ్ బోలి. మై నై డర్యా. అమ్మి డరి."

ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. వాళ్ల అమ్మీ చూసి, "ఝూట్! నేనేం భయపడలేదు" అంది. వాడు కొట్టేయనన్నాడు. ఫొటో అలాగే కువైట్ వెళ్లింది.