బెట్టకూ ఒక కొలబద్ద కావాలి

సిర్గిట్టిలో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఛత్తీస్‌గఢ్ వరిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఇక్కడి మళ్లలో విరివిగా పండే స్వర్ణ, మన గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029 రకమే. మంచి దిగుబడి ఇస్తుంది కానీ ముంపుకూ ఓర్వదు, బెట్టకూ ఓర్వదు. ముంపు సంగతి 2009లో ఒక కొలిక్కి వచ్చింది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకంలోని సబ్1 జన్యువును చేర్చి, దాదాపు రెండు వారాలు మునిగినా తేరుకునే స్వర్ణ సబ్1ను విడుదల చేశారు. బెట్ట సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ముంపును పరీక్షించడం సులువు: మొక్కల్ని నీట ముంచి, నీరు తీశాక ఏది మళ్లీ చిగురించిందో చూస్తే చాలు. బెట్టకు ఓర్చుకోవడం మాత్రం అనేక జన్యువులు తలా కాస్త చేసే పని. అంత చిన్న తేడాలను పట్టుకోగల కొలబద్ద లేనప్పుడు ఎంత విత్తన సంపద ఉన్నా అక్కరకు రాదు. లేజర్ స్కానింగ్‌నూ కెమెరా చిత్రాలనూ కలిపి పైరును కొలిచే యంత్రాలు ఆ లోటు తీర్చగలవనీ, వాటికి పెట్టే ప్రజాధనం దండగ కాదనీ నా వాదన.

బెట్ట పరీక్షల్లో ఆకు ఎంతగా చుట్టుకుందో కంటితో చూసి సున్నా నుంచి తొమ్మిది వరకు అంకె వేయడం వరి శాస్త్రవేత్తల పాత పద్ధతి. చూసే మనిషి మారితే అంకె మారవచ్చు. పొద్దున్న చూసిన మడి మధ్యాహ్నానికి అలాగే ఉండదు. లేజర్ యంత్రంలో కంటికి కనిపించని కాంతి గీత ఒకటి పైరు మీద పడుతుంది. ఏటవాలుగా చూసే సెన్సర్ ఆ గీత ఎక్కడెంత పక్కకు జరిగిందో పట్టుకుని ఆకుల ఎత్తు లెక్కగడుతుంది. యంత్రం ముందుకు జరిగేకొద్దీ మొక్క ఆకారమంతా బిందువులుగా పోగవుతుంది. అయితే వరి ఆకు ఎండకు చుట్టుకున్నా ఈ కొలతలో ఆకు విస్తీర్ణం తగ్గుతుంది, ఎండి ముడుచుకుపోయినా తగ్గుతుంది. మొదటిది మొక్క తనను తాను కాపాడుకోవడం, రెండోది నష్టం. ఈ తేడా చెప్పాలంటే రంగు తెలియాలి. పచ్చని ఆకు ఎర్రకాంతిని పీల్చుకుని, సమీప పరారుణ కాంతిని చాలావరకు వెనక్కి పంపుతుంది. ఎండే ఆకులో ఈ రెంటి మధ్య అంతరం తగ్గిపోతుంది. దాన్ని కెమెరా పడుతుంది. కెమెరా ఒక్కటే ఉన్నా చాలదు. పైనుంచి తీసిన బొమ్మలో నిటారుగా నిలిచిన ఆకు సన్నని గీతలా కనిపించి, విస్తీర్ణం లెక్క తప్పుతుంది. అందుకే రెండూ కలవాలి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో లీజీస్కాన్ అనే ఏర్పాటు ఈ దారిలో ముందడుగు. అక్కడ కుండీల్లోని మొక్కలు ఉన్నచోటే ఉంటాయి, లేజర్ స్కానర్లే వాటి మీదుగా కదులుతాయి. యంత్రం చెప్పిన ఆకు విస్తీర్ణానికీ నేరుగా కొలిచిన విస్తీర్ణానికీ పొంతన చూస్తే, ఆర్ స్క్వేర్ విలువ (పూర్తి పొంతన ఉంటే ఇది 1) 0.86 నుంచి 0.94 వరకు వచ్చిందని 2015లో ప్రచురించారు. మొక్కల కింద తూకం యంత్రాలు కూడా ఉండటం అసలు విశేషం. బరువు తగ్గుదలను బట్టి మొక్క ఎంత నీరు వదిలిందో తెలుస్తుంది. దాన్ని ఆకు విస్తీర్ణంతో భాగిస్తే ఏ రకం పొదుపరో తేలుతుంది. మధ్యాహ్నపు పొడిగాలికి కొన్ని సజ్జ, జొన్న రకాలు ఆకు రంధ్రాలను కొంత మూసుకుంటాయి. అలా మిగిలిన తేమ గింజ పాలుపోసుకునే వేళకు పనికొస్తుంది. ఈ గుణం మామూలు కంటికి ఆనదు.

స్వర్ణ ఏ లేజర్‌తో పుట్టింది అని అడగవచ్చు. దిగుబడిని కొలవడానికి కాటా చాలు, అందుకే లేజర్ అవసరం రాలేదు. కుండీలో మొక్క పొలంలో మొక్కవుతుందా అన్న ప్రశ్నకు మరింత బలముంది. దట్టంగా పెరిగిన పైరులో పై ఆకులు కింది ఆకులను కప్పేస్తాయి, గాలికి ఊగే ఆకు కొలతను చెడగొడుతుంది, వేరు అసలే కనబడదు. కాబట్టి యంత్రం ఇచ్చిన వరసను తుది తీర్పుగా తీసుకోకూడదు. వేల రకాల్లో పొలానికి పంపదగ్గ కొన్ని వందలను ఏరడానికే దాన్ని వాడాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం మారికోపాలో పొలం మీదే పట్టాలు వేసి లేజర్లనూ కెమెరాలనూ నడిపారు కనుక, కుండీల హద్దు దాటడమూ సాధ్యమే. ఇక ఖర్చు అంటారా, దీన్ని రైతు కొననక్కర్లేదు. ప్రాంతానికొకటి ఉంటే చాలు.

ఆ ప్రాంతాల్లో మనది ముందుండాలి. 1970లలో వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిచారియా నాయకత్వంలో పల్లెపల్లెనా సేకరించిన వేలాది దేశవాళీ వరి రకాలు రాయపూర్ ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇక్కడి వర్షాధార రైతు బియాసి పద్ధతిలో వరి వెదజల్లి, నెల దాటాక మడిలో నీరు నిలిచినప్పుడు పైరులోనే నాగలి పెడతాడు. వాన ఆలస్యమైతే నాగలీ ఆగుతుంది, కలుపు పైరును మించిపోతుంది. అలాంటి మడిలో నిలిచే రకాన్ని వెతకడానికి రాయపూర్ విత్తనాలనూ పటాన్‌చెరు అనుభవాన్నీ కలపాలి. యంత్రం ఇచ్చే కొలతలు అందరికీ అందాలి. ఏరిన రకాల తొలి పరీక్ష బియాసి మళ్లలోనే జరగాలి. ఈ రెండు షరతులకూ ఒప్పుకుంటేనే నిధులివ్వాలి.