మొదటి గడప

పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలము మా ప్రక్క క్వార్టరులోని పిన్నిగారు పనసపొట్టు కొట్టుచుండగా, జిగురంటకుండుటకై నూనె రాచుకొన్న చేతిలో కత్తి జారి, ఎడమచేతి బొటనవ్రేలి మొదట అంగుళము మేర తెగినది. నెత్తురు పెద్దగా రాలేదు. ఐనను నిమిషములో ఆ వరండాలో ఇరుగుపొరుగులము చేరితిమి. తలకొక మార్గము తోచినది. శ్రీకాకుళమునుండి వచ్చి నలువదేండ్లైనను ఊరి మాట విడువని పెద్దమ్మ ఒకావిడ, "ఏటీ కాదమ్మా, కాపీపొడుం ఎట్టీసి గుడ్డ కట్టీండి" అనెను. ఎదురింటి కుర్రవాడు మోటారుసైకిలు తాళము చేతబట్టుకొని, "సెక్టర్ నైన్‌కి పోదాం పిన్నీ, ఎక్కు" అని తొందరచేసెను. మరియొకరు బజారులో రాత్రి పదింటి వరకు తెరచియుండు ఒక చిన్న దవాఖానాను సూచించి, అచ్చట రెండు కుట్లు వేసి ఒక ఇంజెక్షను పొడిచి పంపుదురని చెప్పిరి. ప్లాంటులో పదవీవిరమణ చేసిన పిన్నిగారి భర్త ఎవరికిని బదులు చెప్పక, బీరువాలో ప్లాంటు ఆసుపత్రి మెడికల్ బుక్కు వెదకుచుండిరి. నొప్పికంటె ఈ వాదమునకే ఎక్కువ బెదరి, "ఏమీ వద్దు, అదే తగ్గిపోద్ది" అని ఆమె చేయి కొంగులో దాచుకొనెను.

ఇట్టి వాదము ఉక్కు కర్మాగారపు ఊరైన మన భిలాయిలో ఏ వీధిలోనైనను, ఏ సాయంకాలమునందైనను వినవచ్చును. పెద్ద ప్రమాదము జరిగినచో ఎవరికిని సందేహము కలుగదు. 108కి ఫోను వెళ్ళును, బండి వచ్చును, పెద్దాసుపత్రికి దారి తీయును. చిన్న గాయమే మనుష్యుని నడివీధిలో నిలబెట్టును. దానిని ఇంటనే కడిగి కట్టవలెనో, వీధిచివరి దవాఖానాలో చూపవలెనో, ఆరోగ్యకేంద్రమునకు పోవలెనో, క్యాజువాల్టీ బల్లపై కూర్చుండవలెనో నిర్ణయించు భారము వైద్యము తెలియని ఇంటివారిపై, అందును నెత్తురు చూచి గుండె జారిన క్షణమున పడుచున్నది. ఆ నిర్ణయమును వారు నెత్తురును బట్టియు, జేబును బట్టియు, గడియారమును బట్టియు చేయుచున్నారు. గాయమును బట్టి చేయువారు తక్కువ. నా మనవి యంతయు దీనిని గూర్చియే.

మన పట్టణమున ఒకప్పుడు ఈ ప్రశ్నయే లేకుండెను. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా తొలి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన ఈ కర్మాగారమునకు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల వైపునుండి రైలెక్కి వచ్చిన మన తండ్రులకు, ఇల్లును, బడియును, దీపమును, నీరును ఇచ్చినట్లే వైద్యమునుగూడ పట్టణమే ఇచ్చెను. కర్మాగారము లోపల మెడికల్ పోస్టు, సెక్టార్లలో ఆరోగ్యకేంద్రములు, అన్నిటికిని పైన సెక్టర్ తొమ్మిదిలో జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. దానిని పేరుపెట్టి పిలుచువారు లేరు. 'సెక్టర్ నైన్' అన్నచో పసివానికిని తెలియును. కాలిన గాయముల చికిత్సకు దానికి గల పేరు చిన్నది కాదు. 2018 అక్టోబరు 9వ తేదీన కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టమువద్ద మంటలు లేచినప్పుడు కాలిన కార్మికులను చేర్చినది అక్కడికే.

ఆ భాగ్యము మనకొక అలవాటును మిగిల్చెను. గోరు లేచినను, మోకాలు గీరుకొన్నను సెక్టర్ నైన్‌కే పోవుట, అక్కడ గుండెనొప్పితో వచ్చినవానికిని చేయి విరిగినవానికిని వెనుక గంటలకొలది కూర్చుండుట, విసిగి మరునాటికి వాయిదా వేయుట మెడికల్ బుక్కు గలవారి ఇంట మామూలైనది. ఇంతలో కాలము మారినది. స్థిరోద్యోగులు తగ్గిరి, కాంట్రాక్టు కూలీలు పెరిగిరి. తాత ప్లాంటులో ఫోర్‌మన్, తండ్రి ఆపరేటరు, మనుమడు కాంట్రాక్టరుక్రింద వెల్డరు. ఒకే ఇంట మూడు తరములు, ఒకే మంటయెదుట పని, కాని మనుమని చేతిలో ఆ బుక్కు లేదు. ఖుర్సీపార్, క్యాంపు బస్తీలలో ఉండు మనవారిలో ఇట్టి మనుమలెందరో. పెద్ద తలుపు తమది కాదని తెలిసిన వీరు, ఏ తలుపును తట్టరు.

గాయమును గూర్చి మనము నేర్వవలసిన మొదటి సంగతి, నెత్తురు నమ్మదగిన సాక్షి కాదని. తలమీది చర్మములో రక్తనాళములు దట్టముగా నుండుటచే, చిన్న చీలికకే చొక్కా తడిసిపోవును. శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు వదలక అదిమిపట్టినచో చాలవరకు ఆగును. అట్టి గాయమున చూడవలసినది గాయపడినవాడు స్పృహ తప్పెనా, వాంతులు చేసుకొనుచున్నాడా, మగతగా నున్నాడా అనునది. వీనిలో ఏది యున్నను గడప గడపకు తిరుగక నేరుగా పెద్దాసుపత్రికే పోవలెను. చేతిగాయము దీనికి సరిగా విరుద్ధము. అరచేతను, వ్రేళ్ళ మొదళ్ళను చర్మము క్రిందనే వ్రేళ్ళను మడుచు త్రాళ్ళవంటి స్నాయువులును, స్పర్శనిచ్చు నాడులును పోవుచుండును. ఒక గాజుపెంకు, ఒక రేకు అంచు, అరంగుళము గాటు పెట్టి, నాలుగు చుక్కల నెత్తురు మాత్రమే రాల్చి, లోపల ఆ త్రాటిని తెంచిపోవచ్చును. పైని చర్మము ఐదు దినములలో మూసికొనును. లోని త్రాడు తనంత తాను అతుకుకొనదు.

ఈ మాట నేను పుస్తకములో చదివి వ్రాయుటలేదు. మా చిన్ననాటి స్నేహితుడొకడు, పదునొకండేండ్ల ప్రాయమున, గాలిపటము కొరకు గోడ దాటుచు గోడమీది సీసాపెంకుపై చేయి మోపెను. చూపుడువ్రేలి మొదట చిన్న గాటు. ఇంటివారు దగ్గరలోని ఒక దవాఖానాకు తీసికొనిపోగా, అచ్చటివాడు రెండు కుట్లు వేసి కట్టుకట్టి పంపెను. వ్రేలు మడువుమని వానిని ఎవరును అడుగలేదు. కట్టు విప్పిన దినమున ఆ వ్రేలు కొయ్యపుల్లవలె నిలిచిపోయినది. నొప్పి వలన అట్లున్నదని మరి కొన్ని వారములు చూచిరి. ఆ పిమ్మట పెద్దాసుపత్రిలో చూపగా, తెగిన కొసలు ముడుచుకొని దూరమైనవనియు, మొదటి దినములలో వచ్చియున్నచో కలిపి కుట్టుట సులభముగా నుండెడిదనియు చెప్పిరట. వాడు నేటికిని కలమును బొటనవ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ పట్టి వ్రాయును. వాని సంతకము చూచినప్పుడెల్ల నాకు ఆ అడుగని ప్రశ్న వినవచ్చును.

ఆ ప్రశ్న ఎవరైనను అడుగవచ్చును. ధారగా పడు నీటిక్రింద గాయమును కడిగి, ప్రతి వ్రేలిని ప్రతి కణుపువద్దను మడువుమని, చాపుమని చెప్పవలెను. కన్నులు మూయించి వ్రేలికొసను తాకి తెలియుచున్నదా యని అడుగవలెను. వంగకపోయినను, తిమ్మిరియున్నను అది చిన్న గాయము కాదు. ఇదేవిధముగ కంటిలో ఇనుపరజను పడినప్పుడు రుమాలు కొసతో తీయబోవుట మన కర్మాగారపు ఊరిలో మిక్కిలి చెడ్డ అలవాటు. అది కంటివైద్యుని పని. కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు పోయవలెనే కాని, టూత్‌పేస్టు పూయరాదు. కుక్క కరచినచో పదునైదు నిమిషములు సబ్బుతోను నీటితోను కడిగి, గాటు ఎంత చిన్నదైనను ఆనాడే టీకా దొరకు ప్రభుత్వాసుపత్రికి పోవలెను. దానికి పసుపు మందు కాదు, కారము అసలే కాదు. ధనుర్వాతపు బీజము తుప్పులోనే యుండునని మనవారి నమ్మకము. అది మట్టిలోను పేడలోను ఉండును, కావున పొలములో గుచ్చుకొన్న ముల్లును గూడ లెక్కింపవలెను. మధుమేహము గలవారి పాదమునకు తగిలినది ఏదియు చిన్నది కాదు. ఇవి పోగా మిగిలిన గీతలు, దోకుడులు, పైపైని గాట్లు ఇంటనే నీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టినచో మానిపోవును. వానికై ఎవరిని విసిగింప నక్కరలేదు, ఎవరికిని రూపాయి ఈయ నక్కరలేదు.

బజారు దవాఖానాల వారిని ఇక్కడ 'జోలాఛాప్' డాక్టర్లని తీసివేయుదురు. చదువు లేని చేత సూది పట్టుట తప్పే. దానిని నేను సమర్థింపను. కాని జనులు వారియొద్దకేల పోవుచున్నారని అడిగినవారు అరుదు. రాత్రి తొమ్మిది గంటలకు, షిఫ్టు దిగివచ్చిన కూలి నడచిపోగల దూరమున, చీటీ అడుగక, చొక్కా మురికి చూడక, పేరుపెట్టి పలుకరించు మనిషి ఆ వీధిలో అతడొక్కడే. ఆరోగ్యకేంద్రము మూతబడిన వేళనే ఇంటివంటలు సాగును, పిల్లలు ఆటలు ముగించి దెబ్బలతో ఇల్లు చేరుదురు, కార్మికులు తిరిగివత్తురు. గాయముల వేళకును మంచి తలుపుల వేళకును పొంతన లేకపోవుటయే ఈ ఊరి అసలైన లోటని నా నమ్మకము.

పనిలో తగిలిన దెబ్బ విషయమున మరియొక చిక్కు కలదు. 1948 నాటి కర్మాగారముల చట్టమే నూటయేబదిమందికొక ప్రథమచికిత్స పెట్టె యుండవలెననియు, అయిదువందలకు మించినచో ఆంబులెన్సు గది యుండవలెననియు విధించెను. అదే సంవత్సరపు ఉద్యోగుల బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టము క్రింద, పనిలో గాయపడి మూడు దినములకు తగ్గకుండ పనికి పోలేనివానికి జీతములో నూటికి తొంబదిపాళ్ళు ఇప్పించు ఏర్పాటు వచ్చెను. నిర్ణీత పరిమితిలోపు జీతము గలవారికి ఈ హక్కు వర్తించును. కాని హక్కు చిక్కులేక నిలుచుటకు దెబ్బ తగిలిన పిమ్మట వీలైనంత త్వరగా అది ప్రమాదముల పుస్తకములో ఎక్కవలెను. మన కుర్రవాడు చేయుచున్నదేమి? వ్రేలు నలిగినచో సూపర్‌వైజరుకు చెప్పినయెడల రేపు పని పోవునని తలచి, గుడ్డచుట్టుకొని గేటు దాటి, బజారులో కట్టుకట్టించుకొని, "ఇంట్లో పడ్డాను" అని చెప్పుచున్నాడు. పది దినములకు చీముపట్టి వ్రేలు తీయవలసివచ్చినప్పుడు ఆ గాయమునకు పుట్టినతేదీయే లేదు. కావున అన్నలారా, తమ్ములారా, పనిలో తగిలిన గాయము ఎంత చిన్నదైనను మొదట చూపవలసినది మెడికల్ పోస్టులోనే. అచ్చట వేయు మందుకంటె అచ్చట వ్రాయు పంక్తి ముఖ్యమైనదిగా ఎంచుడు.

దగ్గరి తలుపు ఎట్లుండవలెనో చూపు ఉదాహరణ మనకు తెలిసినదే. మన ఫర్నేసులకు ఇనుపరాయి వచ్చు దల్లీ రాజహరలో, శంకర్ గుహా నియోగి నాయకత్వమున గని కార్మికులు చందాలు వేసికొని, చేతులారా రాళ్ళు మోసి, 1983 జూన్ 3వ తేదీన షహీద్ ఆసుపత్రిని తెరచిరి. నన్ను ఆకర్షించునది దాని కట్టడము కాదు. వారు తమలోని గనికూలీలనే శిక్షణనిచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేసిరి. అక్కరలేని ఇంజెక్షనులను, టానిక్కులను మానుడని వీధివీధి చెప్పిరి. విరేచనములకు ఇంటనే ఉప్పు, పంచదార కలిపిన నీరు చాలునని నేర్పిరి. ఎప్పుడు ఇల్లు చాలునో, ఎప్పుడు చాలదో తెలుపుటయే వైద్యములో సగమని వారు గ్రహించిరి. 1946లో ప్రభుత్వపు ఆరోగ్య పరిశీలక సంఘమైన భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను కోరినప్పుడు ఆశించినదియు, 1978లో అల్మా-ఆటా ఆరోగ్యసభలో దేశదేశముల ప్రతినిధులు ఒప్పుకొన్నదియు ఇట్టి దగ్గరి వైద్యమునే. నిపుణులైన నర్సులే చిన్న గాయములను చూచి పంపు విభాగములు బ్రిటనులో నున్నవి. మన సిస్టరమ్మల చేతులు వారి చేతులకు తీసిపోవు.

అందుచే నేను కోరునది కొత్త ఆసుపత్రి కాదు. సెక్టార్లలోని ఆరోగ్యకేంద్రములలోను, ఖుర్సీపార్, క్యాంపు, సుపేలా వంటి బస్తీల ప్రభుత్వ కేంద్రములలోను సాయంకాలము ఆరు మొదలు రాత్రి పది వరకు ఒక గది, ఒక నర్సు, ఒక కుళాయి, కుట్టు సామాను, ధనుర్వాతపు టీకా, ఒక రిజిస్టరు. బుక్కు గలవాడును లేనివాడును అదే బల్లపై కూర్చుండవలెను. ఏ గాయమును అక్కడనే కట్టవలెనో, ఏది వెంటనే పైకి పంపవలెనో ఆమెకు తెలిసియుండవలెను. పంపినప్పుడు ఆమె వ్రాసిన చీటీకి పెద్దాసుపత్రిలో విలువ యుండవలెను. సుపేలాలోని లాల్‌బహదూర్ శాస్త్రి ప్రభుత్వాసుపత్రికిని, సెక్టర్ నైన్‌కును దీనివలన భారము తగ్గునే గాని పెరుగదు. కర్మాగారపు అధికారులును, నగరపాలకులును ఒక్కచోట కూర్చుండినచో తేలిపోవు పని యిది.

ఆనాటి సాయంకాలము పిన్నిగారి చేయి కొంగులోనుండి తీయించుటకే మాకు పావుగంట పట్టినది. కుళాయిక్రింద కడిగి, ఎదురింటి కుర్రవాని బండిపై కూర్చుండబెట్టితిమి. ఆసుపత్రిలో డ్యూటీలోనున్న మలయాళీ సిస్టరు గాయమును చూడకమునుపే ఆమె ముఖమును చూచి, "అమ్మా, అంగూఠా మోడో" అనెను. పిన్నిగారికి హిందీ బాగుగనే వచ్చును. ఐనను నొప్పికి జంకి నావైపు చూచెను. "వేలు మడవమంటున్నారు పిన్నీ" అంటిని. మెల్లగా, మొదట పై కణుపు, తరువాత క్రింది కణుపు వంగినవి. సిస్టరు తల యూపి, సూదిలో దారమెక్కించెను. తిరిగివచ్చునప్పటికి సగము కొట్టిన పనసకాయ వంటింటి నేలపై నల్లబడియుండెను. బాబాయిగారు మెడికల్ బుక్కు దొరికినదని గుమ్మములో నిలిచియుండిరి.