చుట్టాలొచ్చిన సాయంత్రం ఏం పెడతారు?

సాయంత్రం నలుగురు చుట్టాలు వస్తే మన ఇళ్ళలో ముందు జరిగే పని పిల్లవాణ్ణి బజారుకి పరుగెత్తించడం. వాడు మిక్స్చరు, కారప్పూస, పకోడీలు, ఓ స్వీటు పొట్లం తెస్తాడు. వాటిని తలో ప్లేటులో సర్ది చేతికి అందిస్తారు. ఆ వచ్చినవారిలో ఒకాయనకు చక్కెర వ్యాధి ఉండవచ్చు, ఒకావిడకు రక్తపు పోటు ఉండవచ్చు. ప్లేటు వెనక్కి ఇస్తే ఇంటి ఇల్లాలు నొచ్చుకుంటుందేమోనని మాట్లాడకుండా తినేస్తారు. "మొహమాటానికి తిన్నానండీ" అన్న మాట మా ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో మేము విననిరోజు తక్కువ.

ఫ్రెంచివారికి ఒక అలవాటు ఉంది. చెక్కపలక మీద ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం ముక్కలు, చీజ్, పళ్ళు, గింజలు పేర్చి అందరి మధ్యా పెడతారు. ఎవరికి కావలసింది వారు తీసుకుంటారు. దీన్ని షార్కుటరీ అంటారు. ఆ మాంసం జోలికి మనం పోనక్కరలేదు. అటువంటి నిలవ మాంసం మనుషుల్లో కేన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా సంస్థ 2015లో ప్రకటించింది. పద్ధతి మాత్రం మనకు బాగా పనికొస్తుంది. పళ్ళెం మధ్యలో ఉంటే చక్కెర వ్యాధి ఉన్నాయన తన జబ్బు నలుగురిలో చెప్పుకోనక్కరలేకుండా తనకు పడేది తీసుకుని, పడనిది వదిలేస్తాడు.

గణపవరంలో ఈ పళ్ళేనికి కావలసినవన్నీ సంతలోనే దొరుకుతాయి. ఎనిమిది మందికి పావుకిలో శనగలు చాలు. రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, ఉడికిస్తే ఇంచుమించు రెట్టింపు బరువు తూగుతాయి. ఒక చెంచా నూనెతో తాలింపు, కరివేపాకు, కొబ్బరి కోరు, చివర నిమ్మకాయ పిండితే ఉప్పు తగ్గించినా నాలుకకు తెలియదు. శనగల్లో మాంసకృత్తులూ పీచూ రెండూ ఉన్నాయి కనుక రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. పక్కన అరకిలో పచ్చి వేరుశెనగకాయలు తొక్కతోనే ఉడికించి పెట్టండి. కాయ ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాడు ఎక్కువ తినలేడు, అదొక లాభం. బూజు పట్టిన గింజ, చేదుగా ఉన్న గింజ ఏరి పారేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

నాలుగు గుడ్లు ఉడికించి సగానికి కోస్తే ఎనిమిది ముక్కలు. కీరదోస, క్యారట్, జామకాయ రంగుకీ, కడుపు నిండడానికీ. ఉడికించిన చిలగడదుంప చౌకే, రుచే, కాని పిండిపదార్థం ఎక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారు రెండు ముక్కలతో ఆపాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయ ఒకటి చక్రాలుగా తరిగి నిమ్మరసం పిండి పెడితే దేనికైనా నంజుడు.

మాంసం లేని లోటు తీర్చాలంటే మన ప్రాంతానికి ఎండు రొయ్యలున్నాయి. తలా తోకా తీసి, ఇసుక పోయేలా రెండు మూడుసార్లు కడిగి, పొడి మూకుడులో వేయించి, ఉల్లిపాయ ముక్కలతో చిన్న గిన్నెలో పెట్టండి. గిన్నె చిన్నదే ఉండాలి, ఎందుకంటే ఇందులో ఉప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక టీ చెంచాడు. ఆవకాయా అప్పడమూ మధ్యాహ్నమే అందులో పెద్ద వాటా మింగేసి ఉంటాయి! రొయ్య పడనివారికి దద్దుర్లు, ఆయాసం రావచ్చు. శాకాహారులూ ఉండవచ్చు. అందుచేత ఈ గిన్నె పళ్ళెం బయట, వేరే చెంచాతో ఉంచండి.

అమ్మమ్మగారి ఇత్తడి పళ్ళెం బయటికి తీయాలని ఉంటుంది. కళాయి చెక్కుచెదరకుండా ఉంటే సరే. కళాయి పోయినదైతే అరటి ఆకు పరిచినా నిమ్మరసం పడిన పదార్థాలు అందులో వద్దు. పులుపుకి లోహం కరిగి తిండిలోకి దిగుతుంది. స్టీలు పళ్ళెం మీద ఆకు పరిస్తే అందం ఎక్కడికీ పోదు. పకోడీ లేకపోతే మర్యాద కాదనుకుంటే ఇంట్లో తాజా నూనెలో మనిషికి రెండు వేయండి. బజారు పకోడీ వార్తాపత్రికలో చుట్టి ఇస్తే తీసుకోకండి. అచ్చు సిరా తిండికంటుకుంటుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

పసిపిల్లలున్న ఇంట్లో పళ్ళెం నేలమీద పెట్టకండి. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి వేరుశెనగ గింజ గాని, శనగ గింజ గాని అలాగే ఇవ్వకూడదు. నవ్వుతూ, పరుగెడుతూ నమిలితే అది ఊపిరి గొట్టంలోకి జారుతుంది. తింటున్న పిల్లవాడు హఠాత్తుగా దగ్గి ఆయాసపడి, తర్వాత బాగానే కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. గింజ లోపలే ఉండిపోవచ్చు. కనబడని గింజకోసం గొంతులో వేలు పెట్టి వెదకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

ఉడికించినవీ, కోసినవీ ఎండాకాలంలో ఒక గంటకు మించి బయట ఉండకూడదు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. కోసిన గుడ్డు ముక్కలు ఆ వేళ దాటితే మర్నాటికి దాచవద్దు. టీ మాత్రం చక్కెర కలపకుండా తెచ్చి, చక్కెర గిన్నె పక్కన పెట్టండి.