కొట్టు ఆయనది, గంటలు ఆమెవి

కిరాణా కొట్టాయనకు వర్క్-లైఫ్ బ్యాలెన్స్ లేదని తెగ జాలిపడతాం. సరే, మధ్యాహ్నం ఆయన తిని కునుకు తీసే గంటన్నర గల్లాపెట్టె దగ్గర కూచునేదెవరు? అప్పుడే అన్నం వడ్డించొచ్చిన భార్య. దాన్ని పని అనరు, 'చేదోడు' అంటారు! 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం జీతగాడికి రోజుకి 8 గంటలు, వారానికి 48 అని గీత గీసింది. జీతమే లేని మనిషికి ఏ గీతా? పొద్దున్నే పాలప్యాకెట్లు దించుకోవడం నుంచి రాత్రి షట్టర్ పడేదాకా అటు పొయ్యి, ఇటు తక్కెడ. బోర్డు మీదేమో 'అండ్ సన్స్' (ఆ సన్స్ ఇప్పుడు బెంగళూరులో ఉంటారు, అది వేరే సంగతి). ఆయనకు ఆదివారం సెలవివ్వాలని వ్యాసాలు రాసేవాళ్లు, ఆ ఆదివారం కొట్లో ఎవరుంటారో కూడా రాయండి. ఆమెకెంత ఇస్తారో కూడా.