హంతకుడు ముందే తెలిసిపోతే?

నోరా రాబర్ట్స్ 2004లో రాసిన ‘నార్తర్న్ లైట్స్’ నవలను పోయిన సంచికలో పరిచయం చేశాం. వచ్చిన ఉత్తరాలు చూస్తే, వీళ్లంతా ఒకే పుస్తకం చదివారా అనిపించింది. కథ ఇదీ: అలాస్కాలో లూనసీ అనే కల్పిత ఊరు. తోటి పోలీసును పోగొట్టుకుని కుంగిపోయిన బాల్టిమోర్ డిటెక్టివ్ నేట్ అక్కడికి పోలీసు అధికారిగా వస్తాడు. ఏనాడో మాయమైన మనిషి మంచుగుహలో, గుండెల్లో గొడ్డలి దిగబడి దొరుకుతాడు. నేట్ మనసు పడ్డ పైలట్ మెగ్ ఆయన కూతురే.

శవం దొరికేదాకా కథ నత్తనడకేనని కొందరు రాశారు. హంతకుణ్ణి సగంలోనే పసిగట్టేశామని ఇంకొందరు. నాకు ఆ నెమ్మదే నచ్చింది. రోజూ పలకరించేవాళ్లలోనే హంతకుడున్నాడంటే ఒళ్లు జలదరించాలి. ముందు ఆ ఊరివాళ్లు మనకు బాగా తెలిస్తేనే కదా అది! నేట్ పొద్దున్నే మంచం దిగడానికి పడే అవస్థను రచయిత్రి ఓపిగ్గా రాశారు. అది లేకపోతే మెగ్‌తో అతని ప్రేమ తేలిపోయేది. హంతకుడి సంగతిలో మాత్రం, ఫిర్యాదు చేసినవాళ్లదే న్యాయం.

ఉత్తరాలు ఈ సంచికలోనే ఉన్నాయి. ముగింపు బయటపెట్టే వాక్యాలు తీసేశాం. నవల చదవనివాళ్లు నిశ్చింతగా చదవండి. చదివినవాళ్లు మీ మాటా రాయండి.